సీవీటీ గేర్‌బాక్స్‌లో ఏటీఎఫ్ పోసేశారు, తెల్లవారితే కొండకు వెళ్లాలి. ఏం చేయమంటారు?

రేణిగుంట_రైడర్
శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బండి 2016 హోండా సిటీ పెట్రోల్, సీవీటీ ఆటోమేటిక్, అంటే గేర్లు మారే బదులు బెల్టు, పుల్లీలతో నడిచే రకం. 68 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈరోజు తిరుపతిలో ఒక షెడ్డులో సర్వీసుకిచ్చాను. పేరు రాయను, ఇప్పుడు నాకు గొడవ కన్నా బండి ముఖ్యం. ఇంజనాయిల్‌తో పాటు గేర్‌బాక్స్ ఆయిల్ కూడా మార్చమన్నాను.

సాయంత్రం బండి తీసుకుని లీలామహల్ సర్కిల్ దాటేసరికే తేడా తెలిసింది. సిగ్నల్ దగ్గర ఆగి కదిలిన ప్రతిసారీ బండి సన్నగా వణుకుతోంది. స్టీరింగ్ కన్నా సీటు కింద ఎక్కువ తెలుస్తోంది. కరకంబాడి రోడ్డు ఎక్కాక యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ శబ్దం పెరుగుతోంది కానీ బండి అంత వేగంగా అందుకోవడం లేదు. ఇంటికొచ్చి బిల్లు చూశాను. 'ఏటీఎఫ్, 4 లీటర్లు' అని ఉంది, అంటే మామూలు ఆటోమేటిక్‌లకు పోసే నూనె. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం తీస్తే హెచ్‌సీఎఫ్-2 అనే హోండా సీవీటీ ఆయిల్ మాత్రమే వాడాలని ఉంది. షెడ్డుకు ఫోన్ చేస్తే, "ఆటోమేటిక్ బండికి ఆటోమేటిక్ ఆయిలే పోశాం సార్, రెండ్రోజులు తిరిగితే సెట్ అవుతుంది" అన్నారు.

మొత్తం 12 కిలోమీటర్లు నడిచింది. రేపు పొద్దున్నే అమ్మను దర్శనానికి తీసుకెళ్లాలి. మూడు నెలల ముందే తీసుకున్న 300 రూపాయల టికెట్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకే కారు అనుకున్నాం. మెల్లగా పోతే పర్వాలేదా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాకాల_జంక్షన్
శుక్రవారం, రాత్రి 9:20

అన్నా, ఈ బండి కొండకు తీయొద్దు. పదకొండేళ్లుగా టాక్సీ తోలుతున్నాను, వారానికి నాలుగైదుసార్లు అలిపిరి టోల్‌గేటు దాటుతాను. ఎక్కేటప్పుడు రెండో ఘాట్ రోడ్డంతా ఎత్తే. ముందు బస్సు దొరికిందంటే పది, పదిహేను స్పీడులో దాని వెనకే పాకాలి. గాలి తగలదు, లోడ్ తగ్గదు, గేర్‌బాక్స్‌లో నూనె కాగిపోతుంది. సరైన ఆయిల్ ఉన్న బండికే అది పరీక్ష. అక్కడ ఆగిపోతే వెనక ట్రాఫిక్ మొత్తం ఆగుతుంది, అమ్మతో ఎండలో నిలబడాల్సి వస్తుంది. దిగేటప్పుడు మొదటి ఘాట్ రోడ్డు, 1944 నాటిది, అడుగడుగునా మలుపులు. ఇంజన్ బ్రేకింగ్, అంటే యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని పట్టి ఉంచడం, అది లేకుండా ఆ రోడ్డు దిగకూడదు, అదేమో గేర్‌బాక్స్ పట్టు మీదే ఆధారపడుతుంది.

టాక్సీ మాట్లాడుకోండి. ఎవరూ దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టండి, నేనే వస్తాను.

తుడా_కాలనీ
శుక్రవారం, రాత్రి 9:33

మరీ భయపెట్టకండి. నాదీ సిటీ ఆటోమేటిక్కే, 2010 మోడల్. మొదటి నుంచీ ఏటీఎఫ్ పోయిస్తున్నాను, లక్షా ముప్పై వేలు నడిచింది, ఏ సమస్యా లేదు. ఏటీఎఫ్ అంటేనే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. హెచ్‌సీఎఫ్-2 రెండు లీటర్లు కొని కలిపితే సరిపోతుందేమో.

గ్రీజు_చేతులు
శుక్రవారం, రాత్రి 9:41

రైడర్ సార్, ముందు తాళంచెవి ఇంట్లో పెట్టేయండి. "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని కూడా అనుకోవద్దు. బండి కదలకపోయినా ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు ఆ నూనెను లోపల ప్రతి సందులోకీ తోస్తూనే ఉంటుంది.

తుడా కాలనీ సార్, మీ బండికి ఏటీఎఫ్ పోయడం సరైనదే. 2010 సిటీలో ఉన్నది ఐదు గేర్ల మామూలు ఆటోమేటిక్, లోపల క్లచ్ ప్లేట్లుంటాయి. 2014లో వచ్చిన కొత్త మోడల్ నుంచి పెట్రోల్ ఆటోమేటిక్‌లో సీవీటీ పెట్టారు. పేరొకటే, లోపల గేర్‌బాక్స్ పూర్తిగా వేరు. షెడ్లలో పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. మా కుర్రాళ్లకు నేను రోజూ చెప్పే మాట, బండి పేరు చూసి డబ్బా తీయొద్దు, ఏ సంవత్సరం, ఏ గేర్‌బాక్స్ అని అడిగి తీయమని.

కలపడం మాత్రం వద్దు. ఇప్పటికే లెవెల్‌కు పోసి ఉన్నారు, ఇంకో రెండు లీటర్లు పోస్తే నురగ కడుతుంది. నురగ అంటే గాలి. గాలితో బెల్టును పట్టే ప్రెషర్ రాదు.

బండిని నడిపించకుండా షెడ్డుకు చేర్చాలి. నాలుగు చక్రాలూ పైకెక్కే రికవరీ వ్యాన్ పిలవండి. తాడు కట్టి లాగించొద్దు. ఇది ముందు చక్రాలతో నడిచే బండి, ఇంజన్ ఆపి ముందు చక్రాలు దొర్లిస్తే పంపు తిరగదు, లోపలి భాగాలు నూనె అందకుండా తిరుగుతాయి.

కుప్పం_మెకానికల్
శుక్రవారం, రాత్రి 10:18

తుడా కాలనీ గారి సందేహం చాలామందికి ఉంటుంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను ఇంజనీరింగ్ కాలేజీలో థియరీ ఆఫ్ మెషీన్స్ చెబుతాను.

మామూలు ఆటోమేటిక్‌లో గేరు మారడమంటే ఒక క్లచ్ ప్యాక్ వదలడం, ఇంకొకటి పట్టుకోవడం. ఆ పట్టుకోవడం జర్కు లేకుండా మెత్తగా జరగాలి. అందుకోసం ఏటీఎఫ్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్లనే రసాయనాలు కలుపుతారు. ప్లేట్లు కాస్త జారి, ఆ తర్వాత నిమ్మళంగా అతుక్కునేలా అవి చేస్తాయి. అంటే ఏటీఎఫ్‌కు జారడం కూడా ఒక పని.

సీవీటీలో అలా మారే గేర్లు లేవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఉక్కు బెల్టు. ఆ బెల్టు వందల సంఖ్యలో సన్నటి ఉక్కు పలకలను దండలా గుచ్చినట్టుంటుంది. పుల్లీ గోడలు దగ్గరైతే బెల్టు పైకి జరుగుతుంది, దూరమైతే కిందికి దిగుతుంది, దాన్నిబట్టే నిష్పత్తి మారుతుంది. ఇంజన్ బలం మొత్తం ఉక్కు మీద ఉక్కు ఒత్తుకునే ఆ అంచుల గుండానే చక్రాలకు చేరాలి. మధ్యలో ఉండే పల్చటి నూనె పొర ఒకేసారి రెండు పనులు చేయాలి. లోహాలు ఒరుసుకోకుండా కాపాడాలి, వాటిని జారనివ్వకుండా పట్టుకోవాలి కూడా. సీవీటీ ఆయిల్‌ను ఆ పట్టు కోసమే తయారు చేస్తారు. అక్కడ జారుడు గుణమున్న నూనె పోస్తే బెల్టు రవ్వంత జారుతుంది. మీకు తెలిసిన వణుకు, శబ్దం పెరిగి వేగం అందుకోకపోవడం, రెండూ ఆ జారుడు గుర్తులే.

క్లచ్ ప్లేటు అరిగితే ప్లేటు మార్చుకోవచ్చు. పుల్లీ గోడ మీద గీత పడితే అది మళ్లీ నునుపు కాదు. గీత పడ్డచోట బెల్టు మళ్లీ మళ్లీ ఒరుసుకుంటుంది, రాలిన ఉక్కు పొడి నూనెతో పాటు వాల్వ్ బాడీలోకి, అంటే నూనె ప్రెషర్‌ను అదుపు చేసే భాగంలోకి పోతుంది. అందుకే సీవీటీలో ఈ పొరపాటుకు "చూద్దాంలే" అనే వీల్లేదు.

పాతకాలంలో గేరు మెత్తగా మారే గుణం కోసం ఏటీఎఫ్‌లో తిమింగలం నూనె కలిపేవారు. అమెరికాలో 1970ల మొదట్లో దాన్ని ఆపేశాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. నూనెలో చిటికెడు వస్తువు మారితే గేర్‌బాక్స్ నడకే మారుతుందని అప్పటి నుంచీ తెలిసిన విషయమే.

తుడా_కాలనీ
శుక్రవారం, రాత్రి 10:31

కుప్పం సార్, గ్రీజు చేతులు అన్నా, అర్థమైంది. రెండు సిటీలకు ఇంత తేడా ఉందని తెలియదు. రైడర్ గారూ, నా సలహా పట్టించుకోకండి. పొద్దున్న మీ అమ్మగారికి బండి కావాలంటే నాది తీసుకెళ్లండి, నేను ఖాళీగానే ఉన్నాను.

రేణిగుంట_రైడర్
శుక్రవారం, రాత్రి 10:50

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పాకాల అన్నతో మాట్లాడాను, నాలుగింటికి వస్తానన్నారు. బండి కదిలించను. గ్రీజు చేతులు అన్నా, రేపు మధ్యాహ్నం వచ్చాక ఏం చేయించాలో వరసగా చెప్పగలరా? మీ షెడ్డు ఎక్కడ?

గ్రీజు_చేతులు
శుక్రవారం, రాత్రి 11:25

నాది చిత్తూరు సార్. అక్కడిదాకా వ్యాన్ ఖర్చు ఎందుకు, తిరుపతిలోనే స్కానర్, లిఫ్టు ఉన్న షెడ్డు చూసుకోండి. ఇది మంత్రమేమీ కాదు, ఓపిక పని. మీరు పక్కనే నిలబడి చేయించుకోండి.

మొదట ఆయిల్. హోండా విడిభాగాల కౌంటర్‌లో హెచ్‌సీఎఫ్-2 అని డబ్బా మీద చూసి కొనండి. 'అన్ని ఆటోమేటిక్‌లకూ' అని రాసి ఉన్నవి ఈ పనికి వద్దు. మామూలు రోజుల్లో వాటి గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది, కానీ ఇప్పటికే ఒకసారి దెబ్బతిన్న బెల్టుకు కంపెనీ చెప్పిందే పోయాలి.

బండిని సమంగా ఎత్తాలి, ఒకవైపు జాకీ పెట్టి కాదు. డ్రైన్ బోల్టు విప్పేముందు పైన పోసే బోల్టు ఊడుతుందో లేదో చూడాలి. కింద వదిలేశాక పైది పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే కూర్చుంటుంది. హోండాలో గేర్‌బాక్స్ డ్రైన్ బోల్టుకు నలుచదరం గుంట ఉంటుంది, రాచెట్ నేరుగా అందులో దిగుతుంది. ఇంజనాయిల్ బోల్టు మామూలు ఆరు పలకల తల. దీన్నీ దాన్నీ తారుమారు చేసి గేర్‌బాక్స్ ఖాళీ చేసి, ఇంజన్‌లో రెట్టింపు నూనె పోసిన కేసులు నేను చూశాను.

దిగిన నూనెను కొలత జగ్గులో పట్టండి. ఎంత దిగిందో రాసుకోండి. బోల్టుకు అయస్కాంతం ఉంటుంది, దానికి అంటుకున్నది తెల్లకాగితం మీద తుడిచి చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్దయితే మామూలే, ప్రతి బండిలోనూ ఉంటుంది. గోటికి తగిలే పలుకులుంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

తర్వాత కొత్త వాషర్ వేసి బిగించి, కొత్త ఆయిల్ పోసి, బ్రేకు తొక్కి పెట్టి స్టార్ట్ చేసి, లివర్‌ను ఒక్కో స్థానంలో ఐదారు సెకన్లు ఉంచుతూ నాలుగైదు సార్లు తిప్పాలి. పది నిమిషాలు తిరగనిచ్చి ఆపి, మళ్లీ దించాలి. ఇలా ఎన్నిసార్లన్నది కుప్పం సార్ లెక్క కట్టి చెబుతారు. చివరిసారి మాత్రం స్కానర్‌తో నూనె వేడి చూస్తూ, మాన్యువల్ చెప్పిన వేడిలో లెవెల్ బోల్టు విప్పి చూసుకోవాలి. నూనె వేడికి ఉబ్బుతుంది. చల్లటి బండిలో సరిపెట్టిన లెవెల్ తప్పు లెవెల్ అవుతుంది.

ప్రెషర్ మిషన్ పెట్టి ఒకేసారి కడిగేస్తామంటే ఒప్పుకోవద్దు. ఎక్కడో అడుగున నిద్రపోతున్న చెత్తను లేపి వాల్వ్ బాడీలోకి పంపే ప్రమాదముంది.

కుప్పం_మెకానికల్
శనివారం, ఉదయం 6:40

లెక్క ఇది. డ్రైన్ బోల్టు విప్పితే మొత్తం నూనె రాదు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో, వాల్వ్ బాడీలో కొంత నిలిచిపోతుంది. పదిలో ఆరు వంతులు దిగుతుందనుకుందాం. షెడ్డువాళ్లు మార్చింది కూడా ఆ ఆరు వంతులే, కాబట్టి ఇప్పుడు మీ గేర్‌బాక్స్‌లో సుమారు 60 శాతం తప్పు నూనె, 40 శాతం పాత హెచ్‌సీఎఫ్-2 ఉన్నాయి. మీ బెల్టు ఇంకా తట్టుకుని నిలబడిందంటే ఆ 40 శాతం సాయం కూడా ఉంది.

ఒకసారి దించి నింపితే తప్పు నూనె 24 శాతానికి వస్తుంది. రెండోసారికి పదికి కొంచెం లోపు. మూడోసారికి నాలుగు లోపు. నాలుగోసారికి ఒకటిన్నర. ప్రతిసారి మధ్యలో ఇంజన్ నడిపి కలిసేలా చేస్తేనే ఈ లెక్క పనిచేస్తుంది. లేకపోతే పోసిన కొత్త నూనే మళ్లీ కిందికి వస్తుంది.

నా మాటగా నాలుగుసార్లు. ఖర్చు ఎక్కువే, కాదనను. సీవీటీ మార్పించే ఖర్చుతో పోలిస్తే అది చిన్నది.

చిత్తూరు_మామిడితోట
శనివారం, ఉదయం 8:05

రైడర్ తమ్ముడూ, నా అనుభవం ఒకటి చెబుతాను. మాది వేరే కంపెనీ, పాతకాలం ఆటోమేటిక్. మాకు ఎవరూ తప్పు నూనె పోయలేదు, రేడియేటరే పోసింది. ఆ బండిలో గేర్‌బాక్స్ నూనె చల్లబడే గొట్టం రేడియేటర్ అడుగు ట్యాంకు లోపలినుంచి వెళ్తుంది. లోపల తుప్పు పట్టి చిల్లి పడితే కూలెంట్ వెళ్లి గేర్‌బాక్స్‌లో కలిసింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే అచ్చం రోజ్‌మిల్క్ రంగు.

ఒకసారి నూనె మార్చి, రేడియేటర్ మార్చి, అంతటితో అయిపోయిందనుకున్నాం. రెండు నెలలు బాగానే నడిచింది. ఒక రోజు పలమనేరు నుంచి వస్తుంటే మొగిలి ఘాట్ దగ్గర డీలో పెట్టినా బండి కదల్లేదు. విప్పి చూస్తే క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పదార్థం ఊడి వచ్చేసింది. కూలెంట్ ఆ జిగురును కరిగిస్తుందని అప్పుడే తెలిసింది. వేలూరులో రీబిల్డ్ చేయించాం, మామిడికాయల సీజన్ డబ్బు సగం దానికే పోయింది.

ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా అని మధ్యలో ఆపేయకు. నాలుగుసార్లంటే నాలుగుసార్లూ చేయించు.

తిరుచానూరు_టీచర్
శనివారం, ఉదయం 9:30

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది మారుతి ఏజీఎస్. అదీ ఆటోమేటిక్కే కదా, దానికేం పోయాలి? ఇది చదివాక భయమేస్తోంది.

గ్రీజు_చేతులు
శనివారం, ఉదయం 9:52

మేడమ్, భయపడాల్సిన పని లేదు. మీ బండిలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మీ బదులు ఒక హైడ్రాలిక్ యంత్రం చేస్తుంది. 2014లో సెలెరియోతో వచ్చిన పద్ధతి. గేర్‌బాక్స్‌లో మాన్యువల్ గేర్ ఆయిలే పడుతుంది, ఏటీఎఫ్, సీవీటీ ఆయిల్ రెండూ పడవు. ఆ యంత్రానికి బానెట్ కింద చిన్న డబ్బా ఒకటి, దాని నూనె వేరు. కొందరు దాన్ని బ్రేక్ ఆయిల్ డబ్బా అనుకుని బ్రేక్ ఆయిల్ పోస్తారు. అది చాలా పెద్ద తప్పు. బ్రేక్ ఆయిల్ గుణం వేరు, దానికోసం చేయని రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడు చేస్తుంది. సర్వీసుకిచ్చేటప్పుడు "ఆ డబ్బా మూత తీస్తే నన్ను పిలవండి" అని చెప్పండి.

రేణిగుంట_రైడర్
శనివారం, సాయంత్రం 5:15

దర్శనం బాగా జరిగింది. అమ్మ మీ అందరి పేర్లూ చెప్పమంది, హ్యాండిళ్లు చదివి వినిపిస్తే నవ్వింది. అందరి కోసం దండం పెట్టుకుందట.

హెచ్‌సీఎఫ్-2 తిరుపతిలో ఈరోజు ఎనిమిది లీటర్లే దొరికింది. మిగతాది చెన్నై నుంచి మా తమ్ముడు సోమవారం తెస్తున్నాడు. అప్పటిదాకా బండి ఇంటి దగ్గరే, తాళం అమ్మ దగ్గర.

చిత్తూరు_కోర్టురోడ్డు
శనివారం, రాత్రి 8:20

బండి సంగతి పెద్దలు చెబుతున్నారు, నేను కాగితాల సంగతి చెబుతాను. వకీలుగా పనిచేస్తున్నాను.

'ఏటీఎఫ్ 4 లీటర్లు' అని రాసిన ఆ బిల్లే మీ బలం. ఒరిజినల్ భద్రంగా పెట్టుకోండి. మాన్యువల్‌లో హెచ్‌సీఎఫ్-2 అని ఉన్న పేజీ ఫోటో తీయండి. మొదటిసారి దించిన నూనెలోంచి శుభ్రమైన సీసాలో కొంత తీసి, తేదీ రాసి, సీలు వేయండి. బాగుచేసే షెడ్డువాళ్ల చేత ఏ నూనె దిగింది, ఎంత దిగింది అన్నది బిల్లు మీదే రాయించుకోండి.

తర్వాత మొదటి షెడ్డుకు మర్యాదగా, రాతలో, ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజుల్లో సమాధానం కావాలి అన్నది పంపండి. చాలా కేసులు అక్కడే తెగిపోతాయి. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అదీ కాకపోతే 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వేయాలి. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా.

రేణిగుంట_రైడర్
మంగళవారం, రాత్రి 9:45

పని పూర్తయింది. పొద్దున తొమ్మిదికి వ్యాన్ వచ్చింది, సాయంత్రం ఆరుకు బయటపడ్డాను. మొత్తం పక్కనే నిలబడ్డాను.

మొదటిసారి దించితే దాదాపు నాలుగు లీటర్లు వచ్చింది. సరైన లెవెల్‌లో ఉన్న బండి నుంచి మూడున్నర లోపే దిగుతుందని ఇక్కడి మేస్త్రి అన్నారు. అంటే తప్పు నూనె పోయడమే కాదు, ఎక్కువ కూడా పోశారు. లెవెల్ బోల్టు మీద మట్టి అలాగే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

డ్రైన్ బోల్టు నా చేతికిచ్చారు. అయస్కాంతం మీద విభూతి తడిపినట్టు బూడిదరంగు ముద్ద. గ్రీజు చేతులు అన్న చెప్పినట్టే తెల్లకాగితం మీద పూసి, టార్చి వేసి, వేలితో నలిపి చూశాను. మెత్తగా ఉంది. కానీ ఒకచోట వేలికి ఏదో తగిలింది. వెంట్రుక మందం, నువ్వుగింజలో సగం పొడవున ఒకే ఒక్క ఉక్కు ముక్క. దాన్ని చూడగానే కాళ్లు చల్లబడ్డాయి. ఫోటో పెడుతున్నాను, చూడండి.

నాలుగుసార్లూ దించిన నూనెను చిన్న సీసాల్లో పట్టి వరండా గోడ మీద వరసగా పెట్టాను. మొదటిది కుంకుమ కలిపిన నీళ్లలా ఉంది, దాని అవతల ఉన్న గోడ కనబడదు. రెండోది దానిమ్మ రసం. మూడోదాంట్లో ఎరుపు ఛాయ మాత్రమే. నాలుగోదాన్ని కొత్త డబ్బాలోంచి తీసిన ఐదో సీసా పక్కన పెడితే, ఎండకు ఎత్తి చూస్తే తప్ప తేడా తెలియలేదు. కుప్పం సార్, మీ లెక్క కళ్లతో చూశాను.

రెండోసారి తర్వాతే వణుకు చాలా తగ్గింది. ఇప్పుడు అసలు లేదు. స్కానర్‌లో తప్పు చూపించే కోడ్‌లు ఏమీ లేవు. వ్యాన్, ఆయిల్, కూలీ అన్నీ కలిపి ఇరవై వేలు దాటింది.

గ్రీజు_చేతులు
మంగళవారం, రాత్రి 10:10

ఫోటో చూశాను. ఒక్క ముక్కతో తీర్పు చెప్పలేం సార్. బెల్టు జారినప్పుడు రాలిందో, 68 వేల కిలోమీటర్లలో ఎప్పుడో రాలి అడుగున ఉందో ఆ ఫోటో చెప్పదు. ఇలా చేద్దాం. వెయ్యి కిలోమీటర్ల వరకూ గట్టిగా తొక్కొద్దు, ఎండలో లాంగ్ డ్రైవ్ వద్దు, ఘాట్ అసలే వద్దు. వెయ్యి దగ్గర బోల్టు విప్పి మళ్లీ చూడండి. అప్పుడు ముద్ద మాత్రమే ఉంటే మనసు కుదుటపడుతుంది. కొత్త ముక్కలుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

పాకాల_జంక్షన్
బుధవారం, ఉదయం 7:15

అన్నా, అంతదాకా కొండకు వెళ్లాల్సి వస్తే నాకు చెప్పు. అమ్మ నా బండిలో బాగానే కూర్చుంది.

రేణిగుంట_రైడర్
మూడు వారాల తర్వాత, ఆదివారం

వకీలు గారు చెప్పినట్టే రాతలో పంపాను. మొదట సమాధానం లేదు. నాలుగో రోజు షెడ్డు ఓనర్ ఫోన్ చేసి రమ్మన్నారు. సీసాలు, బిల్లు, మాన్యువల్ పేజీ బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు పని చేసిన అబ్బాయిని పిలిచారు. పందొమ్మిదేళ్లుంటాయేమో. ఎర్ర నూనె అన్ని ఆటోమేటిక్‌లకూ ఒకటేనని ముందు పనిచేసిన చోట నేర్పారట. తల ఎత్తలేదు. నాకు కోపం పోయి బాధేసింది.

ఆయిల్ డబ్బు మొత్తం ఇచ్చారు. వ్యాన్ డబ్బు, కూలీ ఇవ్వలేమన్నారు, నేనూ పట్టుబట్టలేదు. ఆరు నెలల్లో గేర్‌బాక్స్‌కు ఏమైనా అయితే బాధ్యత తమదని లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. కుప్పం సార్ ఇక్కడ రాసిన మొదటి పోస్టు ప్రింటు తీసి ఆ అబ్బాయికి ఇచ్చాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

చిత్తూరు_కోర్టురోడ్డు
అదే రోజు, సాయంత్రం

మంచి పని చేశారు. ఆ కాగితం మీద బండి నంబరు, తేదీ, ఓడోమీటర్ అంకె ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే రేపే వెళ్లి రాయించండి.

కుప్పం_మెకానికల్
అదే రోజు, రాత్రి

ఆ అబ్బాయి ఏదైనా అడగాలనుకుంటే ఇక్కడికి రమ్మనండి. ఎంత చిన్న ప్రశ్నయినా సరే, నేను సమాధానం రాస్తాను. టయోటాలో డబ్ల్యూఎస్ అనే నూనె ఎందుకు, హ్యుందాయ్‌లో ఎస్‌పీ-4 ఎందుకు, నిస్సాన్ సీవీటీలో ఎన్ఎస్-3 ఎందుకు అన్నది ఒక్కసారి అర్థమైతే, తర్వాత ఏ బండి వచ్చినా ముందు మాన్యువల్ తెరుస్తాడు.

రేణిగుంట_రైడర్
రెండు నెలల తర్వాత, శనివారం

ఆలస్యానికి క్షమించండి. వెయ్యి కిలోమీటర్ల దగ్గర బోల్టు విప్పించాను. పల్చటి ముద్ద మాత్రమే, పలుకులు లేవు. కాగితం ఫోటో పెట్టాను. తర్వాత ఇంకో పదిహేను వందలు నడిచింది.

ఈరోజు అమ్మను తీసుకుని కొండకు వెళ్లొచ్చాను. స్కానర్‌ను ఫోన్‌కు కలిపి తమ్ముడి చేతికిచ్చాను, దారి పొడవునా నూనె వేడి చదువుతూ వచ్చాడు. ఎక్కడా అంకె ఎగబాకలేదు. ముందు బస్సు ఉన్నప్పుడు కూడా వణుకు లేదు. దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ వాడాను, ఇంజన్ బాగా పట్టింది. 60 దాటాక మాత్రం సన్నటి ఊళ లాంటి శబ్దం ఒకటి ఉంది. ముందు ఉండేదో లేదో కచ్చితంగా చెప్పలేను. ఇప్పుడు ప్రతి శబ్దమూ వినిపిస్తోంది. అన్నా, ఒకసారి చిత్తూరు తీసుకొస్తే వింటారా?

గ్రీజు_చేతులు
అదే రోజు, రాత్రి

రండి సార్. బుధవారం తప్ప ఎప్పుడైనా. వీల్ బేరింగ్ కూడా అలాగే ఊళ వేస్తుంది, ముందు దాన్ని చూస్తాం.

రేణిగుంట_రైడర్
పది రోజుల తర్వాత

ఎడమవైపు ముందు చక్రం బేరింగే. మార్చారు, ఊళ పోయింది. హెచ్‌సీఎఫ్-2 సీలు తీయని డబ్బా ఒకటి నా దగ్గర మిగిలింది. రేణిగుంట, తిరుపతి వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, తెచ్చిస్తాను. బండి మోడల్, సంవత్సరం కూడా రాయండి, మాన్యువల్ చూసే ఇస్తాను.